ఉన్నది ఉన్నట్టు

డెట్రాయిట్,
1996 అక్టోబరు 7

ఒరేయ్ లెవాన్,

నీ టేపు శుక్రవారం అందింది. శనివారం మిషను ముందు కూర్చుని టేపులో ఉన్న శబ్దాన్ని లక్క ప్లేటు మీద గాడిగా కోశాను. నిన్న ఆదివారం చర్చి నుంచి తిన్నగా కార్మిక సంఘం హాలుకి పట్టుకెళ్లి వాయించి చూశాం. మంచి మాట ముందు చెబుతాను, చివాట్లు తర్వాత పెడతాను.

హాలులో మధ్యాహ్నం పూట రికార్డులు వాయించే షెరీస్ నీకు తెలుసుగా, ఆ పొడుగాటి పిల్ల. అప్పటికే తిరుగుతున్న ఒక రికార్డు మీదికి నీదాన్ని మెల్లగా కలిపింది. మొదటి నిమిషం ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకోవడానికి ఏముంది గనక? నాలుగు బేస్ డ్రమ్ము దెబ్బలు, మధ్యలో రెండు కాంగా దెబ్బలు, పైన హైహాట్ అనే జంట ఇత్తడి తాళాలు. మళ్లీ అవే. మళ్లీ అవే. ముప్ఫై ఏళ్లుగా ఎన్ని పాటలకో గాడి కోశాను, మొగుడు పోయాడని ఏడ్చే పాటలు, దేవుణ్ణి కేకేసి పిలిచే పాటలు. ఇంత బీద సరుకు నా చేతికి ఎప్పుడూ రాలేదనుకున్నాను. మూడో నిమిషానికి గోడకి ఆనుకున్న వాళ్లు గోడ వదిలేశారు. నాలుగో నిమిషానికి నా కాలు నా మాట వినడం మానేసింది. మెట్లు ఎక్కొద్దని డాక్టరు చెప్పిన కాలే.

"ఏముందే ఇందులో?" అని షెరీస్‌ని అడిగాను.

"ఏమీ లేదు మిస్ ఓడెసా, అదే దీని గొప్ప. పాటయితే ఎవడో వాడి గోడు చెప్పుకుంటాడు, మనం నోరు మూసుకుని వినాలి. ఇందులో చెప్పేవాడే లేడు. ఇంక మన ఒళ్లే మాట్లాడుకోవాలి" అంది.

ఇక చివాట్లు. టేపులో తాళాలు చెవిలో గుండుసూదులు గుచ్చినట్టు ఉన్నాయిరా. సన్న శబ్దాలు, అదే ట్రెబుల్, అంత పెడితే నా కోత సూది వెనకున్న తీగచుట్ట కాలిపోతుంది. నీ మిక్సరు బాగానే ఉందా? ఇంకో మాట. మొన్న ఫోన్లో ఒకే ముక్క మూడుసార్లు చెప్పినా "ఆఁ? ఆఁ?" అన్నావు. సముద్రం అడ్డం అంటావు. సముద్రం నాకూ అడ్డమే కదా, నువ్వు నాకు బాగానే వినిపించావు.

నీ మేనత్త,
ఓడెసా

*

బెర్లిన్,
1996 అక్టోబరు 21

అత్తా,

చివాట్లు అందాయి, కడుపు నిండింది. మిక్సరు బాగుంది, నేనూ బాగున్నాను. తాళాలు కావాలనే అలా పెట్టాను. నువ్వు చర్చి పాటలు కోసి కోసి మెత్తదనానికి అలవాటు పడ్డావు.

బీద సరుకు అన్నావు చూడు, దానికి జవాబు. రెండు క్షణాల ఆ చుట్టు మీద నేను ఇరవై రోజులు కూర్చున్నాను. రెండో కాంగా దెబ్బని వెంట్రుకవాసి వెనక్కి జరిపితే నడుము కదులుతుంది, ముందుకి జరిపితే మెడ కదులుతుంది. ఆడేవాడికి ఇది తెలియదు, తెలియక్కర్లేదు. ఆరు నిమిషాలు అదే తిరుగుతుంటే వాడు వినడం మానేస్తాడు. అసలు ఆట వినడం మానేశాకే మొదలవుతుంది. పైగా ఇది ఒంటరిగా వాయించుకోవడానికి చేసింది కాదు. షెరీస్ చేసినట్టు ఇంకో రికార్డు మీద వేస్తే రెంటికీ మధ్య మూడోది ఒకటి పుడుతుంది. అది ఏ కొట్టులోనూ దొరకదు, ఆ కాసేపే ఉంటుంది. ఇక్కడ జనం దాని కోసం వస్తారు.

కానీ నువ్వు పంపిన ప్లేటులో తాళాలు కొంచెం నిద్రపోతున్నట్టున్నాయి. నీ సొంత వైద్యం ఏమీ చెయ్యొద్దు. ఉన్నది ఉన్నట్టు కొయ్యి. గాడి అయిపోయిన చోట, మధ్యలో నున్నగా ఉండే ఖాళీలో మీరంతా పిన్నుతో పేర్లూ అంకెలూ గీకుతారు కదా, అక్కడ "ఉన్నది ఉన్నట్టు" అని గీకు. ఇక్కడ కొనేవాళ్లు రికార్డుని వెలుతురుకి పట్టి ముందు అదే చదువుతారు. నేనుండేది యుట్టాతో అని చెప్పాను కదా, తన రికార్డుల కొట్టులో రోజూ చూస్తుంటాను.

ఫోన్ వద్దు. లైన్లు దిక్కుమాలినవి. ఉత్తరాలే రాయి, నీ చేతిరాత చూస్తే మన వీధి చూసినట్టుంటుంది.

లెవాన్

*

డెట్రాయిట్,
1996 డిసెంబరు 2

లెవాన్,

రెండో ప్లేటు, మూడో ప్లేటు రికార్డులు అచ్చు వేసే ఫ్యాక్టరీకి పంపేశాను. నువ్వు చెప్పినట్టే కోశాను, చెప్పినట్టే గీకాను. నా రాత వంకరగా ఉందని వెక్కిరించకు, లక్క మీద పిన్నుతో రాయడం నీ స్కూలు పలక మీద రాయడం కాదు.

ఆదివారం హాలులో మూడోదాన్ని షెరీస్ రెండుసార్లు వెయ్యాల్సి వచ్చింది. ఒక ముసలాయన, మన చర్చిలో తంబురీను వాయించే జెప్సన్, కూతుర్ని తీసుకుపోవడానికి వచ్చి కోటు విప్పి గంటన్నర ఆడాడు. "ప్రసంగం అయ్యాక పూనకం వచ్చినప్పుడు మనం కొట్టేది ఇదే కదమ్మా, ప్రసంగం తీసేశారంతే!" అన్నాడు. నీ గురించి ఇంతకంటే మంచి మాట నేను వినలేదు.

చలి మొదలైంది. టోపీ పెట్టుకో.

అత్త

*

బెర్లిన్,
1997 ఫిబ్రవరి 18

అత్తా,

జెప్సన్ గారి మాట కాగితం మీద రాసి డ్రమ్ మిషను పైన అంటించాను.

నాలుగో రికార్డు ఇక్కడ ఎక్కడ చూసినా అదే. వారానికి రెండు మూడు రాత్రులు వాయిస్తున్నాను. పాత ఇనుప కార్ఖానాలో మొన్న దాన్ని ఇంకో రెండింటితో కలిపి ఇరవై నిమిషాలు నడిపాను. జనం కేకలు వెయ్యడం కూడా మానేసి, తలలు దించుకుని ఆడారు. అది నాకు అన్నిటికంటే ఇష్టం. పనిలో పడ్డ మనుషుల్లా ఉంటారు.

ఒక్క బాధ. తాళాలు ఎక్కడికి పోతున్నాయి అత్తా? టేపులో ప్రతిసారీ ఇంకొంచెం పెంచుతున్నాను, రికార్డులో ప్రతిసారీ ఇంకొంచెం తగ్గుతున్నాయి. యుట్టాని అడిగితే "సరిగ్గా ఉన్నాయి, ఎక్కడ ఉండాలో అక్కడే" అంటుంది. తనకేం తెలుసు, అమ్మేది వేరు, చేసేది వేరు. నీ మిషను ముసలిదైందా? నువ్వా?

నిన్న కెటిల్ పొయ్యి మీద పెట్టి మర్చిపోయాను. ఈల వేసి వేసి నీళ్లన్నీ ఇగిరి మాడిపోయింది. నేను రెండడుగుల దూరంలోనే ఉన్నాను. యుట్టా మెట్లెక్కి పరిగెత్తుకొచ్చి, "మీ డెట్రాయిట్ వాళ్లకి చెవులు డాన్సు హాలులో తప్ప వంటింట్లో పనిచెయ్యవా?" అంది. పనిలో మునిగితే నా సంగతి నీకు తెలుసు కదా. కాఫీ మానేశాను ఇవాళ్టికి.

లెవాన్

*

డెట్రాయిట్,
1997 మార్చి 10

నాయనా లెవాన్,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపాను.

మీ నాన్న కార్ల రేకులు కొట్టే ప్రెస్ షాపులో పద్దెనిమిదేళ్లు చేశాడు. చెవులు పోతున్న సంగతి మా అందరి దగ్గరా నాలుగేళ్లు దాచాడు. ఎలా దాచాడో నీకు తెలియదు, నువ్వు చిన్నవాడివి. నలుగురూ నవ్వినప్పుడు నవ్వేవాడు, ఒక్క క్షణం ఆలస్యంగా. ఫోన్ మోగితే ఏదో పని గుర్తొచ్చినట్టు బయటికి పోయేవాడు. ఆడవాళ్లు మాట్లాడితే నోటి వంకే చూసేవాడు. అందరూ నా తమ్ముడికి పొగరనుకున్నారు. నేనూ అనుకున్నాను.

ఈల కూడా సన్న శబ్దమేరా. తాళాలూ అంతే, నా గొంతూ అంతే. పోయేటప్పుడు అవే ముందు పోతాయి. నువ్వు ఏడేళ్లుగా ఆ స్పీకర్ల మధ్య నిలబడుతున్నావు. నీ కాళ్లు పట్టుకుంటాను, ఒక్కసారి డాక్టరు దగ్గరికి వెళ్లు. ఏమీ లేదంటే నన్ను పిచ్చి ముసలిదని పదిమందిలో తిట్టు, పడతాను.

అత్త

*

బెర్లిన్,
1997 ఏప్రిల్ 2

ఓడెసా అత్తకి,

మా నాన్న చెవుల్ని నాకు అంటగట్టొద్దు. ఆయన కొట్టింది రేకులు, నేను చేసేది వినడం. నా పని వినడమే. దాంట్లోనే తప్పు పట్టావంటే ఇంకేం మిగిలింది?

నీకు అరవై రెండు. చెవులు పోతే ఎవరివి పోవాలి? తాళాలు ఎక్కువగా ఉన్నాయని చెప్పిన మనిషివి ప్రపంచంలో నువ్వొక్కత్తివే.

ఐదో టేపు ఇందులో పెడుతున్నాను. ఏ మీటనీ ముట్టుకోకుండా కొయ్యి. షెరీస్‌కిచ్చి నిండు హాలులో వాయించు, ఏం జరిగిందో రాయి. ఈసారి కూడా నిద్రపోతున్న తాళాలు పంపావంటే ఇక్కడ ఇంకో కోత మనిషిని చూసుకుంటాను. చాలా మంది ఉన్నారు.

లెవాన్

*

డెట్రాయిట్,
1997 మే 5

లెవాన్,

నువ్వు అడిగినట్టే చేశాను. తీగ కాలకుండా మొత్తం శబ్దాన్ని తగ్గించి కోశాను గానీ, తాళాల్ని విడిగా ముట్టుకోలేదు. టేపులో ఏముందో ప్లేటులో అదే ఉంది.

నిన్న హాలులో రెండొందల మంది ఉన్నారు. కొత్తది వచ్చిందని షెరీస్ మైకులో నీ పేరు చెప్పింది, ఈలలు వేశారు. సూది పెట్టింది. రెండు చుట్లు తిరిగేసరికి ముందున్న పిల్ల చెవులు మూసుకుంది. స్పీకరు దగ్గరున్న వాళ్లు వెనక్కి నడిచారు. వాళ్లకి తోవ ఇవ్వడానికి వెనకవాళ్లు తలుపు వైపు నడిచారు. నీ మీద ప్రేమ కొద్దీ షెరీస్ నిమిషం పాటు ఉంచింది. నేల ఖాళీ అయిపోయింది. జెప్సన్ ఒక్కడే మధ్యలో నిలబడి ఎవరైనా ఆపుతారేమో అని చుట్టూ చూస్తున్నాడు.

షెరీస్ సూది లేపి, "ప్లేటు పాడైనట్టుంది మిస్ ఓడెసా" అంది.

"పాడవలేదమ్మా. వాడి టేపుని నేను సరిగ్గా కోసింది ఇదే మొదటిసారి" అన్నాను.

అదిరా సంగతి. మొదటిదీ, రెండోదీ, మూడోదీ, నాలుగోదీ ట్రెబుల్ తగ్గించి కోశాను. ప్రతిసారీ నువ్వు పెంచావు, ప్రతిసారీ నేను ఇంకొంచెం తగ్గించాను. తగ్గించి, రెండోదాని నుంచీ మధ్య ఖాళీలో "ఉన్నది ఉన్నట్టు" అని నా చేత్తోనే గీకాను. మొదటిసారి మిషను కోసం చేశాను. రెండోసారి, టేపు బాగా లేదంటే నొచ్చుకుంటావని చేశాను. మూడోసారికి జనం నిన్ను మెచ్చుకోవడం నాకు అలవాటైపోయింది. మార్చిలో నీకు రాసినప్పుడైనా ఈ మాట చెప్పాల్సింది. డాక్టరు దగ్గరికి వెళ్లమని నీతులు చెప్పాను గానీ, నా అబద్ధం నా దగ్గరే ఉంచుకున్నాను. సిగ్గుగా ఉంది.

అత్త

*

బెర్లిన్,
1997 మే 29

అత్తా,

వెళ్లాను. యుట్టా చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది.

చిన్న గదిలో కూర్చోబెట్టి చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించారు. శబ్దం వినిపించినప్పుడల్లా బొత్తాం నొక్కాలి. మొదట్లో వినిపించాయి, నొక్కాను. కాసేపటికి ఆగిపోయాయి. మిషను చెడిందేమో, బాగు చేసుకుంటున్నారేమో అని బుద్ధిగా కూర్చున్నాను. నర్సు తలుపు తీసి అయిపోయిందని చెయ్యి ఊపింది. సగం పరీక్ష ఆ నిశ్శబ్దంలోనే జరిగిందట.

పోయినవి తిరిగి రావు, ఉన్నవి కూడా ఎంతకాలమో చెప్పలేను అన్నాడు డాక్టరు. ఎప్పుడు అనుమానం వచ్చిందని అడిగాడు. అక్టోబరులో మా అత్త రాసింది అన్నాను. అప్పుడే ఆపేసి ఉంటే మాటలన్నా మిగిలేవి అన్నాడు. అక్టోబరు నుంచి ఎన్ని రాత్రులు వాయించావని అడిగాడు. ఇంటికొచ్చి డైరీ చూశాను. అరవై ఒకటి.

నా తప్పు లేదనను. రెండేళ్లుగా నా చెవుల్లో కీచురాళ్లు కూస్తున్నాయి. ఎవరికీ చెప్పలేదు, యుట్టాకి కూడా. నాకు నేనే చెప్పుకోలేదు. కానీ నన్ను నేను చూసుకోవడానికి నాకున్నది ఒక్కటే అద్దం, నీ ప్లేటు. దానికి నువ్వు పౌడరు రాశావు. మొదటి టేపుకే హాలు ఖాళీ అయిపోయి ఉంటే నేను నవ్వులపాలయ్యేవాణ్ని. నవ్వులపాలై, బాగుపడి ఉండేవాణ్ని.

నాకు రాయకు.

లెవాన్

*

డెట్రాయిట్,
1997 జూన్ 12

లెవాన్,

రాయొద్దన్నావు, రాస్తున్నాను. చదవకపోయినా ఫర్వాలేదు.

మిషను మీద గుడ్డ కప్పేశాను. చర్చి వాళ్లు ఒక పాట తెచ్చారు, చెయ్యి రాలేదని పంపేశాను. అరవై ఒక్క రాత్రులు నేను లెక్కపెట్టలేను, పదో పన్నెండో దగ్గర ఆగిపోతున్నాను. మీ నాన్న చెవులు పోయినప్పుడు నాకు తెలియదు అని చెప్పుకున్నాను. నీవి పోతున్నప్పుడు నాకు తెలుసు. నా కళ్లెదురుగా మీటరు ముల్లు చూపించింది. క్షమించమని అడగను, అడిగే మొహం లేదు.

అత్త

*

బెర్లిన్,
1997 సెప్టెంబరు 9

అత్తా,

కోపం అయిపోయింది. తగ్గిందని కాదు, అయిపోయింది. దాని చోటులోకి ఏమీ రాలేదు.

పొద్దున్న లేచి రొట్టె తెస్తాను. కొట్టు అమ్మాయి ఏదో అంటుంది, నేను నవ్వుతాను. ఒక్క క్షణం ఆలస్యంగా. యుట్టా మాట్లాడాల్సినవి కాగితం మీద రాస్తుంది, అందుకని తక్కువ మాట్లాడుతుంది. డ్రమ్ మిషను అమ్మలేదు, గుడ్డ కప్పలేదు. చెయ్యి పెడితే బేస్ డ్రమ్ము బల్లలో తెలుస్తుంది. తాళాల మీట నొక్కితే ఎర్ర దీపం వెలుగుతుంది, అంతే.

నిన్న ఒక కుర్రజంట వీధిలో ఆపి నాలుగో రికార్డు చేతిలో పెట్టి సంతకం చెయ్యమన్నారు. చేశాను. ఇంటికొచ్చాక తెలిసింది. నేను వాయించినన్నాళ్లూ తాళాలు లేవని పోట్లాడుతూ వాయించాను. జనం దేనికి ఆడారో అది నాకు వినిపించలేదు. మా రికార్డుల కొట్టులో పిల్లికి కూడా నా రికార్డులు తెలుసు. వాటిని విననివాణ్ని నేనొక్కణ్నే.

అందుకని అడుగుతున్నాను. నీ చేత్తో సరిచేసింది నువ్వే కదా. హాలుకి వెళ్లు, నాలుగోది వెయ్యమను, వింటూ రాయి. తాళాలు ఎలా ఉన్నాయో రాయి. బాగున్నాయని రాయకు, ఎలా ఉన్నాయో రాయి.

లెవాన్

*

డెట్రాయిట్,
1997 సెప్టెంబరు 29

నాయనా,

నిన్న హాలుకి వెళ్లాను. జనం రాకముందే షెరీస్‌ని పిలిచి వేయించుకున్నాను. ఒక్కత్తినే కుర్చీ వేసుకుని, ఒళ్లో అట్ట పెట్టుకుని రాశాను. ఏడుసార్లు వేయించాను. ఆ కాగితాలు నాలుగూ ఇందులో ఉన్నాయి, కొట్టివేతలు అలాగే ఉంచాను.

ప్రతి దెబ్బకీ దెబ్బకీ సరిగ్గా మధ్యలో తాళం పడుతుందని రాశాను. ఎండు చీపురుతో సిమెంటు నేల ఒక్కసారి ఊడ్చినట్టు అని రాసి కొట్టేశాను, చీపురు బరువుగా ఉంటుంది. నూనెలో ఆవగింజ పేలినట్టు అని రాశాను, అదీ కొట్టేశాను, ఆవగింజకి లెక్క తెలియదు. పదహారో దానికి తాళం కొంచెం తెరుచుకుని, మూసుకోబోతూ ఆగుతుంది. అది నువ్వు పెట్టిందే, నేను ముట్టుకోలేదు. దాని గురించి ఒక కాగితం నిండా రాశాను. ముప్ఫై ఏళ్లు శబ్దాన్ని గాడిలోకి కోసిన దాన్ని, మాటల్లోకి కోయలేనా అనుకున్నాను.

రాసిందంతా షెరీస్‌కి ఇచ్చాను, తప్పులుంటే దిద్దమని. ఆ నాలుగో రికార్డే పక్కన తిరుగుతోంది. ఆ పిల్ల నిలబడి, నాలుగు కాగితాలూ ఓపిగ్గా చదివి, తలెత్తి అడిగింది.

"ఇది ఏ రికార్డు గురించి మిస్ ఓడెసా?"

అత్త